‘సహజ ఫంగస్ పొడి’ కొనేముందు జాగ్రత్త: డబ్బాలో ఉన్నది సోడా

మిద్దె తోటల వాళ్లకు ఆన్‌లైన్‌లో అంటగడుతున్న ఒక ‘వంద శాతం సహజ’ ఫంగస్ పొడి గురించి ఇది. మొక్కల ఫంగస్ తెగుళ్లకు మందట, ‘అన్ని తెగుళ్లకూ’ పనిచేస్తుందట. డబ్బా మీద ఆకు బొమ్మ ఉంది, లోపల ఏముందో, ఎంత శాతమో లేదు. కాస్త పొడి నీళ్లలో వేస్తే మడ్డి లేకుండా కరిగింది, నిమ్మరసం పిండితే బుసబుసా పొంగింది. సోడానే! కిరాణా కొట్లో దొరికే సరుకుకు మందు ధర.

డబ్బులు పోతే పోయాయి, మోతాదు ఇంకా ఘోరం. లీటరుకు రెండు టేబుల్ స్పూన్లు కలపమని రాశారు, అంటే పాతిక గ్రాముల పైమాటే. అలా కొడితే బీర, దోస ఆకుల అంచులు మాడాయి. వంటసోడా అయితే లీటరుకు 5 గ్రాములు, ఒక టీస్పూను చాలు. ఆకుకు పట్టడానికి నాలుగు చుక్కల లిక్విడ్ సోప్. ముందు రెండాకుల మీద కొట్టి రెండు రోజులు చూడాలి, తర్వాతే మొక్కంతా, అదీ సాయంత్రం పూట. కుండీ మట్టిని కవరుతో కప్పండి. కారిన సోడియం మట్టిలోనే పేరుకుని వేళ్లను దెబ్బతీస్తుంది. బట్టల సోడా కలిపి ఉంటే మాత్రం ఏ మోతాదూ నమ్మలేం, దాని క్షారం చాలా ఎక్కువ. బేకింగ్ పౌడర్ వేరే సరుకు, అదీ వద్దు.

‘అన్ని తెగుళ్లకూ’ అన్నది పచ్చి అబద్ధం. సోడా పనిచేసేది ఆకు పైన పిండి చల్లినట్టుండే బూడిద తెగులుకు, అదీ మొదట్లోనే. ఆకు పైన పసుపు మచ్చలు, అడుగున బూజు ఉంటే అది బూజు తెగులు, దీనికి లొంగదు. వేరుకుళ్లుకు అసలే కాదు.

బూడిద తెగులుకు పాలు నయం. 100 మి.లీ. పాలు, 900 మి.లీ. నీళ్లు, వారానికోసారి. బ్రెజిల్‌లో జుకిని (దోస జాతి కూరగాయ) మీద చేసి 1999లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇది బాగా పనిచేసింది. పాలు మరీ చిక్కగా కొడితే ఆకు మీద వాసన, బూజు రావొచ్చు.

తెగులు మందుగా అమ్మే ఏ డబ్బా మీదైనా 1968 పురుగుమందుల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ నంబరు, అసలు మందు శాతం, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. అవి లేనిది కొనకండి. ఇప్పటికే కొన్నవాళ్లు బిల్లు, లేబుల్ ఫోటో దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. మండల వ్యవసాయాధికారికీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు.