న్యూపోర్ట్‌లో ఒక్క మేడే చూసే టైముంటే

అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని న్యూపోర్ట్‌కి వెళ్లినవాళ్లంతా ముందు ‘ది బ్రేకర్స్’ అనే మేడకే పరిగెడతారు. 70 గదులు, ఎటు చూసినా బంగారు పూత, కాలు పెట్టడానికి చోటు లేనంత జనం. చూడొద్దని అనను. కానీ ఒక్క మేడకే టైముంటే నా ఓటు బెల్‌వ్యూ అవెన్యూలోని ‘ది ఎల్మ్స్’కి.

బొగ్గు గనుల వ్యాపారంలో కోట్లు గడించిన ఎడ్వర్డ్ బెర్విండ్ వేసవి విడిది ఇది. పారిస్ దగ్గరున్న ఒక 18వ శతాబ్దపు భవంతి నమూనాలో ఆర్కిటెక్ట్ హోరేస్ ట్రంబావర్ 1901లో పూర్తిచేశాడు. బయటి నుంచి రెండంతస్తులే అనిపిస్తుంది. రాతి పిట్టగోడ చాటున మూడో అంతస్తు ఉంది, నౌకర్ల గదులన్నీ అక్కడే.

కింది హాళ్లు ఆడియో గైడ్‌తో తీరిగ్గా చూసుకోవచ్చు. బాల్‌రూమ్ బాగుంది, అంతే. ‘సర్వెంట్ లైఫ్ టూర్’ మాత్రం వదలకండి. టికెట్ వేరు, ముందే బుక్ చేసుకోవాలి. నేలమాళిగలో పెద్ద పెద్ద బాయిలర్లు, వాటి పక్కన వీధి కిందుగా వెళ్లే సొరంగం, అందులో పట్టాలు. బొగ్గంతా చిన్న బండిలో ఆ దారినే వచ్చేది, అతిథుల కంట నలుసంత మసి పడకుండా. తిన్నదంతా బొగ్గు సొమ్మే, దాన్ని చూడ్డానికి మాత్రం నామోషీ! తర్వాత నౌకర్ల మెట్ల మీదుగా పైకప్పు దాకా ఎక్కిస్తారు, అక్కడి నుంచి హార్బర్ కనిపిస్తుంది. మా అత్తగారు మోకాళ్ల నొప్పులతో రాలేక తోటలో కూర్చున్నారు. ఆవిడకి పాలరాతి మంటపాలే నచ్చాయి.

1961లో బెర్విండ్ చెల్లెలు పోయాక దీన్ని కూల్చేయబోయారు. 1962లో అక్కడి పరిరక్షణ సంఘం కొని కాపాడింది.

బస సంగతికొస్తే, వేసవిలో న్యూపోర్ట్ రేట్లు చుక్కలు చూపిస్తాయి. మేం దిగిన పాత ఇన్‌లో గది ఇరుకు, పైగా పార్కింగ్‌కి వేరే బిల్లు. బుకింగ్‌లో ఆ ఊసే లేదు. కారుంటే పక్కనున్న మిడిల్‌టౌన్‌లో దిగడం మేలు. శాకాహారులు పులిహోరో, చపాతీలో వెంట తెచ్చుకోండి. ఊళ్లో ఎటు చూసినా చేపలూ రొయ్యలే.

సాయంత్రం ‘క్లిఫ్ వాక్’కి వెళ్లండి. సముద్రం పక్కనే 3.5 మైళ్ల దారి, టికెట్ లేదు. దక్షిణపు చివర రాళ్ల మీద నడవాలి కాబట్టి చెప్పులు పనికిరావు, బూట్లు వేసుకోండి.