అరీనా ఫుట్‌బాల్ లీగ్: ఆటకు అయిదు స్టార్లు, లీగ్‌కు రెండే

అమెరికాలోని టాంపాలో ఉంటూ ఏళ్ల తరబడి టికెట్ కొని అరీనా ఫుట్‌బాల్ చూసినవాణ్ణి. ఆటకు అయిదుకు అయిదు స్టార్లు ఇస్తాను. దాన్ని నడిపిన లీగ్‌కు రెండుకు మించి ఇవ్వలేను, ఆ రెండూ పాత రోజుల పుణ్యమే.

ఇది సాకర్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. 1981లో న్యూయార్క్‌లో ఇండోర్ సాకర్ చూస్తూ, ఈ ఆటని కూడా ఇండోర్ హాల్లోకి తేవచ్చని జిమ్ ఫోస్టర్‌కు తట్టింది. చేతిలో ఉన్న కవరు మీదే మైదానం బొమ్మ గీసేశాడు. 1987లో నాలుగు జట్లతో లీగ్ మొదలైంది. ఐస్ హాకీ ఆడేంత జాగాలో 50 గజాల మైదానం, జట్టుకు ఎనిమిది మంది, చుట్టూ మెత్తలు కట్టిన గోడ. పంట్ కొట్టడం, అంటే బంతిని చేతిలోంచి వదిలి దూరంగా తన్నేయడం, నిషేధం.

అసలు మజా గోల్‌పోస్టులకు రెండు పక్కలా కట్టిన వలల్లో ఉంది. కిక్ చేసిన బంతి వలకు తగిలితే ఆట ఆగదు, క్యారమ్‌బోర్డు అంచుకు తగిలిన స్ట్రైకర్‌లా తిరిగొస్తుంది. దాన్ని అందుకోవాల్సినవాడు వలవైపు చూస్తూ నిలబడాలి, వెనక నుంచేమో ఎనిమిది మంది వాడి మీదకి దూసుకొస్తుంటారు. బంతి ఏ కోణంలో వస్తుందో ఆ ఒక్క క్షణంలోనే లెక్క వేసుకోవాలి. కూర్చుని చూస్తున్న మనకే టెన్షన్. ముందు వరసలో కూర్చుంటే గోడ మన మోకాళ్ల దగ్గరే ఉంటుంది. బంతి అందుకునే రిసీవర్‌ను గోడకేసి కొట్టారంటే ఆ దెబ్బకి మన కుర్చీ అదురుతుంది. జనంలోకి వచ్చిన బంతిని ఇంటికి తీసుకుపోవచ్చు. మ్యాచ్ అయ్యాక పిల్లలు మైదానంలోకి దిగితే, చెమటతో తడిసిన ఆటగాళ్లు ఒక్కొక్కరికీ ఓపిగ్గా ఆటోగ్రాఫ్ ఇచ్చేవారు. క్రికెట్ తప్ప మరో ఆట తెలియని మన తెలుగు స్నేహితుల్ని తీసుకెళ్తే రెండో క్వార్టర్‌కల్లా లేచి నిలబడి అరిచేవాళ్లు.

ఇది నాసిరకం ఆట అనేవాళ్లకు నా జవాబు ఒక్కటే: కర్ట్ వార్నర్. అయోవా బార్న్‌స్టార్మర్స్ తరఫున ఈ లీగ్‌లో ఆడి వెళ్లినవాడే 2000 జనవరిలో అమెరికన్ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్ద ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు.

మా టాంపా బే స్టార్మ్ అయిదు టైటిళ్లు గెలిచింది. ఒర్లాండో ప్రిడేటర్స్‌తో మ్యాచ్ అంటే ఊళ్లో పండగే. 2003 నుంచి నాలుగేళ్లు లీగ్ ఎన్‌బీసీ టీవీ ఛానెల్‌లో ప్రసారమైంది, తర్వాత ఈఎస్‌పీఎన్‌కు మారింది. టీవీ కోసం వేసవి ఆటని ఫిబ్రవరికి జరిపారు. 2007లో మరో మార్పు. అంతకుముందు చాలామంది ఆటగాళ్లు దాడి, రక్షణ రెండూ చేయాల్సి వచ్చేది. ఆ నిబంధన తీసేశారు. నా దృష్టిలో పెద్ద నష్టం అదే. ఒకే మనిషి అలసిపోతూ రెండు వైపులా పోరాడుతుంటే చూడ్డంలో ఉన్న రుచి మళ్లీ దొరకలేదు.

అయినా జనం తగ్గలేదు. 2008లో మ్యాచ్‌కు సగటున దాదాపు 13 వేల మంది వచ్చారు. ఫైనల్లో ఫిలడెల్ఫియా సోల్ 59-56తో గెలిచింది. ఆ డిసెంబరులోనే 2009 సీజన్ రద్దన్నారు, ఆపైన దివాలా. హాళ్లు నిండుతున్నా ఖర్చులు గిట్టలేదంటే లోపం ఆటలో లేదు, పెట్టుబడుల లెక్కలో ఉంది.

2010లో మళ్లీ మొదలైంది గానీ జట్లు ఒక్కొక్కటే జారుకున్నాయి. 2016 సీజన్ అయ్యాక ఒర్లాండో మూతపడింది, అరిజోనా రాట్లర్స్ ఇండోర్ ఫుట్‌బాల్ లీగ్‌కు వెళ్లిపోయింది. 2017లో మిగిలినవి అయిదు. ఆ ఏడాది మా స్టార్మ్ ఫైనల్ దాకా వెళ్లి 44-40తో ఓడింది. నాలుగు నెలలు తిరక్కుండానే జట్టుని ఆపేశారు. ఫైనలిస్టుకే దిక్కు లేకపోతే అభిమాని దేన్ని నమ్ముకుని టికెట్ కొనాలి?

2018 మరీ ఘోరం. నాలుగే జట్లు, ఒక్కో ప్రత్యర్థితో నాలుగేసి మ్యాచులు, చివరికి టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌లో కూడా ఆ నాలుగు జట్లే. 12 మ్యాచుల్లో రెండే గెలిచిన వాషింగ్టన్ వేలర్ ఛాంపియన్ అయింది. ఫైనల్లో ఓడిన బాల్టిమోర్ బ్రిగేడ్ కూడా వేలర్ యజమానిదే! ఆటగాళ్లు ప్రాణం పెట్టి ఆడారు, వాళ్లని ఒక్క మాట అనను. కానీ సీజనంతా గెలిచినా ఓడినా ఒకటే అయ్యాక ఆ మ్యాచులకి విలువేముంది? 2019లో ఆరు జట్లతో ఆడి, నవంబరులో మళ్లీ దివాలా తీసింది.

2024లో అదే పేరుతో 16 జట్లన్నారు. కొన్ని వారాలకే జట్లు రాలిపోయాయి, లీగ్‌ను నడిపే కమిషనర్ మారాడు, ఫైనల్ న్యూజెర్సీలోని ఒక మాల్‌లో పెట్టారు. తర్వాత మిగిలినవాళ్లలో కొందరు అరీనా ఫుట్‌బాల్ వన్ అని కొత్తగా మొదలుపెట్టారు.

ఈ తరహా ఆట ఇప్పుడు చూడాలంటే నేనైతే ఇండోర్ ఫుట్‌బాల్ లీగ్ చూడమంటాను. రాట్లర్స్ అక్కడే ఆడుతోంది, 2024లో కప్పు కూడా కొట్టింది. వలలు ఉండవు, ఆ లోటు ఉంటుంది. టికెట్ మాత్రం గోడ పక్కన ముందు వరసలోనే తీసుకోండి, ధర కాస్త ఎక్కువైనా సరే. పై వరసల్లో కూర్చుంటే ఇందులో సగం తెలియదు.