కిరాయి ఇంటికి ఏ చట్టం మేలు: 1960 నాటిదా, కేంద్రం ఇచ్చిన మోడల్ చట్టమా?

హైదరాబాద్‌లో కిరాయికుండే చాలామందికి ఒక ధైర్యం ఉంటుంది, రెంట్ కంట్రోల్ చట్టం ఉంది కదా, ఓనర్ ఇష్టమొచ్చినట్టు ఖాళీ చేయించలేడు అని. చట్టం ఉన్నమాట నిజమే, 1960 నాటిది, తెలంగాణలో ఇప్పటికీ అదే (ఆంధ్రలో 2017లోనే వేరే చట్టం చేసుకున్నారు). కానీ దాంట్లో 32వ సెక్షన్ చూస్తే ఆ ధైర్యం కాస్తా పోతుంది. కార్పొరేషన్ ఏరియాలో నెల కిరాయి 3,500 దాటితే ఆ చట్టం వర్తించదు, కట్టి 15 ఏళ్లు నిండని బిల్డింగ్‌కి అసలే వర్తించదు. ఇవాళ 3,500కి అమీర్‌పేటలో సరైన హాస్టల్ బెడ్ దొరికితే గొప్ప.

మరి అది ఎవరికి పనికొస్తోందంటే, సుల్తాన్ బజార్, ఆబిడ్స్ లాంటి చోట్ల ఎప్పటి నుంచో పాత కిరాయికే నడుస్తున్న షాపులకి, ఇళ్లకి. అక్కడ ఖాళీ చేయించాలంటే ఓనర్ రెంట్ కంట్రోలర్ దగ్గరికెళ్లి, కావాలనే కిరాయి ఎగ్గొడుతున్నాడనో తనకే ఇల్లు కావాలనో రుజువు చేయాలి, ఆ తర్వాత స్మాల్ కాజెస్ కోర్టులో అప్పీలు, ఆపైన హైకోర్టులో రివిజన్, ఈలోగా పిల్లలకి పెళ్లిళ్లు కూడా అయిపోతాయి. అంత తక్కువ కిరాయి తీసుకుని ఓనర్ మాత్రం స్లాబ్ ఎలా బాగు చేయిస్తాడు చెప్పండి.

మిగతా మనందరిదీ 11 నెలల అగ్రిమెంట్ బతుకే. ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ చేయించాలనే లెక్కతో అందరూ 11 దగ్గర ఆపేస్తారు (తెలంగాణలో మాత్రం ఎన్ని నెలల అగ్రిమెంట్‌కైనా రిజిస్ట్రేషన్ చేయించాల్సిందే). నెలనెలా నడిచే కిరాయికైతే 15 రోజుల నోటీసు ఇస్తే చాలు, "మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడమ్మా" అని ఒక్కమాట అంటారు, మర్నాటి నుంచి మనం టూలెట్ బోర్డులు చూసుకుంటూ తిరగాలి. అందుకే నా లెక్కలో పోటీ పాత చట్టానికీ కొత్త మోడల్ చట్టానికీ మధ్య కాదు, కొత్త చట్టానికీ ఏ చట్టమూ లేకపోవడానికీ మధ్య.

2021 జూన్‌లో కేంద్ర క్యాబినెట్ ఓకే చేసిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో (ఇది రాష్ట్రాలు తమ కిరాయి చట్టం చేసుకోడానికి ఇచ్చిన నమూనా) నాకు నచ్చింది చిన్నచిన్న విషయాలే. ఇంటికి డిపాజిట్ రెండు నెలల కిరాయి దాటకూడదు (హైదరాబాద్‌లో ఎక్కువ చోట్ల ఇంతే గానీ, బెంగళూరులో పది నెలల డిపాజిట్ కట్టినవాళ్లని అడగండి దీని విలువ). ఓనర్ ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి, అదీ పొద్దున 7 నుంచి రాత్రి 8 లోపే. గొడవైతే నీళ్లు, కరెంటు కట్ చేయకూడదు. రిపేర్లకైతే ఒక షెడ్యూలే పెట్టారు, గోడలకి సున్నం, తలుపులకి పెయింట్, పైపులు మార్చడం ఓనర్ పని, కుళాయి వాషర్లు, స్విచ్‌లు, పగిలిన అద్దాలు మన పని. ఖాళీ చేసే రోజు ఓనర్ గోడ మీద మేకు రంధ్రాలు వేలితో తడుముతూ "పెయింటింగ్‌కి ఒక నెల కిరాయి పట్టుకుంటున్నా" అనే సీన్ అందరికీ తెలిసిందే కదా, దానికి ఇది జవాబు. కాకపోతే ఒక మెలిక ఉంది, అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకుంటే ఆ షెడ్యూల్ పక్కకి పోతుంది. అగ్రిమెంట్ డ్రాఫ్ట్ ఎవరు చేయిస్తారో చెప్పక్కర్లేదు!

అసలు భయపెట్టేది ఇంకోటి. గడువు అయ్యాక కూడా ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలు డబుల్ కిరాయి, తర్వాత నాలుగింతలు. ఇంట్లో పెద్దవాళ్లకి ఆపరేషన్ ఉండి రెండు వారాలు లేటైనవాడికీ, కావాలని కూర్చున్నవాడికీ తేడా ఏముంది ఇందులో? కిరాయికి పైన పరిమితి కూడా లేదు, ఇద్దరూ ఎంతకి ఒప్పుకుంటే అంత. తగాదాలు చూసేది డిప్యూటీ కలెక్టర్ స్థాయి రెంట్ అథారిటీ, పైన రెంట్ కోర్టు, ఆపైన ట్రిబ్యునల్. 60, 90 రోజుల్లో తేల్చాలని గడువులు రాసుకున్నారు గానీ, ధరణి ఫైళ్లు కదలడానికే అన్ని రోజులు పట్టిన రెవెన్యూ వాళ్లు కిరాయి గొడవలు ఎప్పుడు చూస్తారో.

అయినా నా ఓటు మోడల్ చట్టానికే, రెండు మార్పులతో. సున్నం, పైపుల బాధ్యతని అగ్రిమెంట్‌తో తప్పించుకునే వీలు ఉండకూడదు, గడువు అయ్యాక డబుల్ కిరాయి వేసే ముందు కనీసం ఒక నెల టైమ్ ఇవ్వాలి. ఇక సుల్తాన్ బజార్ పాత ఓనర్లకి దీంతో ఒరిగేదేం లేదు, మోడల్ చట్టం ఇకముందు రాసుకునే అగ్రిమెంట్లకే గానీ ఇప్పటికే ఉన్న కిరాయిదార్లకి కాదు, వాళ్ల కేసులు ఆ 1960 చట్టం కిందే నడవాలి.