ట్రక్కు ట్యూనింగ్ నేర్చుకోవాలంటే ఏది మేలు? రెడీమేడ్ ట్యూనరా, రిమోట్ ట్యూనా, సొంత సాఫ్ట్‌వేరా?

ట్యూనింగ్ చేయాలని, అంటే ట్రక్కు ఇంజిన్ కంప్యూటర్‌లోని సెట్టింగులు మార్చాలని అనుకునేవాళ్లు మొదట అడిగేది ఏ పరికరం కొనాలని. దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది. మీకు పవర్ పెరిగితే చాలా, పని కూడా రావాలా?

పవర్ చాలనుకుంటే చేత్తో పట్టుకునే రెడీమేడ్ ట్యూనర్ ఉంది. డ్యాష్‌బోర్డు కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ-2 పోర్టులో (ఇంజిన్ కంప్యూటర్‌తో మాట్లాడే సాకెట్) పెట్టి, మెనూలో బరువులు లాగడానికో వేగానికో ఒకటి ఎంచుకుంటే, ట్యూనర్ కంపెనీ ముందే రాసిపెట్టిన మ్యాప్ (ఇంజిన్ సెట్టింగుల ఫైల్) ఎక్కుతుంది. టైర్ల సైజు మార్చాక స్పీడోమీటర్ సరిచేసుకోవడానికి చాలా సుఖం. కానీ లోపల ఏ అంకె ఎందుకు మారిందో అది చెప్పదు. పదేళ్లు వాడినా వచ్చేది బటన్ నొక్కడమే. నేర్చుకోవాలనుకునేవాళ్లకు దీంతో పనిలేదు.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే. రిమోట్ ట్యూన్‌లో మీరు బండి నడిపి లాగ్ (సెన్సర్ల రీడింగులు) రికార్డు చేసి, ఎక్కడో ఉన్న ట్యూనింగ్ నిపుణుడికి పంపుతారు. ఆయన ఫైల్ సరిచేసి పంపితే ఎక్కించుకుని మళ్లీ లాగ్ పంపుతారు. ఇలా కొన్ని విడతలు నడుస్తుంది. సొంత దారిలో హెచ్‌పీ ట్యూనర్స్, ఈఎఫ్ఐలైవ్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో టేబుళ్లు (ఇంజిన్ ఎప్పుడెలా నడవాలో చెప్పే అంకెల పట్టికలు) మీరే మారుస్తారు. హెచ్‌పీ ట్యూనర్స్ ఎడిటర్‌ను ఉచితంగా దించుకుని ఫైళ్లు తెరిచి చూడొచ్చు. బండిలోకి రాయాలంటే మాత్రం బండికి తగిలించే వాళ్ల ఇంటర్‌ఫేస్ పరికరం, ఆ బండికి లైసెన్సులా పనిచేసే క్రెడిట్లు కొనాలి.

నా ఓటు సొంత దారికే. అయితే అది మనల్ని ఎలా బోల్తా కొట్టిస్తుందో కూడా చెప్పాలి.

నేను పాత పెట్రోల్ పికప్‌తో మొదలుపెట్టాను. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 14 చూపించింది. అంటే టేబుల్ ప్రకారం పోసిన పెట్రోలు చాలక, ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి కంప్యూటర్ 14 శాతం అదనంగా పోస్తోందన్నమాట. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ టేబుల్లో ఐడిల్‌కు సంబంధించిన గళ్లన్నీ ఎంచి 1.14తో గుణించాను. ట్రిమ్ సున్నా దగ్గరికి వచ్చింది. రెండు రోజులు నేనే పెద్ద ట్యూనర్‌నని తిరిగాను. తర్వాత తీరిగ్గా పాత లాగ్ చూస్తే, 2,500 ఆర్‌పీఎం దగ్గర ట్రిమ్ మొదటినుంచీ ప్లస్ 3 మాత్రమే. ఐడిల్‌లో ఎక్కువగా ఉండి, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ తగ్గుతుంటే ముందు అనుమానించాల్సింది టేబుల్‌ని కాదు, వ్యాక్యూమ్ లీక్‌ని, అంటే సెన్సర్ కొలవని గాలి ఎక్కడో చొరబడడాన్ని. బానెట్ ఎత్తి చెవి పెడితే, ఇన్‌టేక్ వెనక రబ్బరు పైపు మొదట్లో సన్నగా బుస్సుమంటోంది. పైపు మార్చాక ట్రిమ్ మైనస్ 12కి పడిపోయింది. నేను ఎక్కువ పోయించిన పెట్రోలును ఇప్పుడు కంప్యూటర్ తగ్గించుకుంటోంది! పాత ఫైల్ మళ్లీ ఎక్కించాను.

రిమోట్ ట్యూన్ అయితే ఆ లాగ్ చూసిన అనుభవజ్ఞుడు ‘ముందు గాలి లీక్ చూసుకో’ అని ఒక్క మాటలో తేల్చేసేవాడు. ఆ దారి బలమంతా అక్కడే ఉంది. లోపం ఏంటంటే, చాలామంది ట్యూనర్లు ఫైల్‌కు తాళం వేసి ఇస్తారు. అందుకే డబ్బు కట్టకముందే ఫైల్ తెరుచుకుంటుందా అని అడగాలి. తెరుచుకునే ఫైల్ దొరికితే దాన్ని బండితో వచ్చిన కంపెనీ ఫైల్ పక్కన పెట్టి పోల్చి చూడండి. ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) ఏ లోడ్ దగ్గర, అంటే ఇంజిన్ మీద ఎంత భారం ఉన్నప్పుడు, రెండు డిగ్రీలు పెంచాడు, ఏ గళ్లను అసలు ముట్టుకోలేదు అని గమనించండి. ముట్టుకోని గళ్లే నాకు ఎక్కువ నేర్పాయి.

సొంత దారికి ఖర్చు లెక్కేసేటప్పుడు గాలి–పెట్రోలు నిష్పత్తిని అంకెతో సహా చూపించే వైడ్‌బ్యాండ్ సెన్సర్‌ను మరవకండి. పాత పెట్రోల్ ట్రక్కుల్లో ఉండే మామూలు ఆక్సిజన్ సెన్సర్ గాలి–పెట్రోలు నిష్పత్తి 14.7కు అటూ ఇటూ ఏ వైపు ఉందో మాత్రమే సరిగా చెప్పగలదు. ఫుల్ యాక్సిలరేటర్‌లో కావాల్సింది 12.5 చుట్టుపక్కల. అక్కడ ఆ సెన్సర్ గుడ్డిదే. వైడ్‌బ్యాండ్ లేకుండా ఫుల్ థ్రాటిల్ గళ్లు మార్చడం పిస్టన్లతో జూదం.

డీజిల్ ట్రక్కు అయితే లెక్క తిరగబడుతుంది. పెట్రోల్ ఇంజిన్‌కు లోడ్ మీద ఇంధనం తక్కువైతే ప్రమాదం. డీజిల్‌కు ఎక్కువైతే ఎగ్జాస్ట్ వేడెక్కి, నల్లపొగ కక్కి, టర్బోనీ పిస్టన్లనీ తినేస్తుంది. ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత చూపించే మీటర్ లేకుండా అందులో వేలు పెట్టొద్దు. డీపీఎఫ్ (ఎగ్జాస్ట్ మసిని పట్టే ఫిల్టర్), ఈజీఆర్ (కొంత ఎగ్జాస్ట్‌ను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) లాంటి కాలుష్య నియంత్రణలను ఆపేసే ఫైళ్ల జోలికి అసలే వద్దు. అమెరికాలో అది క్లీన్ ఎయిర్ యాక్ట్‌కు విరుద్ధం.

రోజూ పనికి వెళ్లాల్సిన ఒకే ఒక్క బండి అయితే, లేదా క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్ట్), టర్బో లాంటివి మార్చి ఉంటే తెరుచుకునే ఫైల్‌తో రిమోట్ ట్యూన్ తీసుకోండి. పార్టులన్నీ కంపెనీవే ఉండి, రెండు రోజులు నిలిచిపోయినా ఫర్వాలేదనుకుంటే సాఫ్ట్‌వేర్ కొనుక్కోండి. కంపెనీ ఫైల్ చదివి రెండుచోట్ల దాచుకుని, మొదటి నెల లాగ్‌లు చూడడంతోనే సరిపెట్టండి. ఎక్కించే రోజు బ్యాటరీకి చార్జర్ తగిలించే ఉంచండి. మధ్యలో వోల్టేజీ పడిపోతే కంప్యూటరే చచ్చిపోవచ్చు. మొదటి మార్పుగా టైర్ సైజు ఒక్కటే దిద్ది, జీపీఎస్ చూపించే వేగంతో స్పీడోమీటర్ కలుస్తోందో లేదో చూడండి. తప్పు పోయినా ఇంజిన్‌కు ఏమీ కాదు.