చీమకుర్తి దుమ్ములో మూడున్నరేళ్ళు: మా ఆక్టేవియా ఆర్‌ఎస్‌కి మార్చిన కాయిలోవర్లు

మా కారు స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230, 2017 మోడల్. చూడ్డానికి పెద్ద డిక్కీ ఉన్న ఇంటి కారే గానీ లోపల రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను ఉంది, 230 గుర్రాల బలం. 2019లో చెన్నైలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ముందు ఓనరు అప్పటికే ఏవో కాయిలోవర్లు (ఎత్తు మార్చుకునే వీలున్న స్ప్రింగు, షాకబ్జర్ల సెట్టు) వేయించి, కారుని నేలకి ఆనించినంత పని చేసి పెట్టాడు. అవి అరిగిపోతే 2022 జనవరిలో పీకించి కేడబ్ల్యూ కంపెనీ కాయిలోవర్లు, వేరియంట్ 2 రకం, వేయించాను. అప్పటి నుంచి 46,000 కిలోమీటర్లు తిరిగాను. ఇప్పుడు రాస్తే నాలుగు మాటలు నిజంగా పనికొస్తాయనిపించింది.

నేనుండేది ఒంగోలు, గ్రానైటు పని చీమకుర్తిలో. కర్నూలు రోడ్డు మీద ఇరవై కిలోమీటర్ల పైచిలుకు పోవడం, మళ్ళీ రావడం. రాళ్ళ లారీలు, టిప్పర్లు తొక్కితొక్కి ఆ రోడ్డు కొన్నిచోట్ల రేకు కప్పులా అలలు తేలి ఉంటుంది. ఆదివారమైతే పిల్లల్ని తీసుకుని కొత్తపట్నం బీచికి. అంటే వారమంతా రాతిపొడి, ఆదివారం ఉప్పుగాలి. ఈ రెంటి మధ్య ఏ షాకబ్జరైనా ఎన్నాళ్ళుంటుందో మీరే ఊహించుకోండి.

షాకులు ఒక్కరోజులో పోవు. రోజుకింత పోతాయి, మన నడుము కూడా రోజుకింత సర్దుకుంటుంది. నాకు ఏడాది పాటు తెలియనేలేదు. హైవే మీద కావలి వైపు పోతుంటే పాలేరు, మన్నేరు వంతెనల జాయింట్ల దగ్గర కారు ఒకసారి ఎగిరి ఊరుకోకుండా రెండోసారి, మూడోసారి ఊగేది. నేను రోడ్డుని తిట్టుకునేవాణ్ణి. మా ఆవిడ మాత్రం "పడవెక్కినట్టుంది, పిల్లాడికి వాంతి వచ్చేట్టుంది" అని ముందే చెప్పింది. వినలేదు. బ్రేకు కొడితే ముక్కు నేలలోకి పోవడం, గతుకుల్లో బ్రేకు తొక్కితే ఏబీఎస్ అవసరం లేనప్పుడు కూడా గరగరమనడం, అన్నీ ఉన్నాయి. చక్రం రోడ్డుని పట్టుకుని ఉంటేనే గదా బ్రేకు పనిచేసేది!

తర్వాత ముందు చక్రాల నుంచి హూఁ అని మోత మొదలైంది. ఒక వర్క్‌షాపులో చూపిస్తే వీల్ బేరింగు అన్నారు, మార్చారు, డబ్బు తీసుకున్నారు. మోత అలాగే ఉంది. చివరికి మా వీధి చివర మెకానిక్ బాబాయ్ టైరు మీద అరచేయి పెట్టి నిమరమన్నాడు. ఒక వైపు నిమిరితే నున్నగా, ఇంకో వైపు నిమిరితే రంపప్పళ్ళలా తగిలింది. టైరు రోడ్డు మీద ఎగిరెగిరి పడుతూ ముక్కలు ముక్కలుగా అరిగింది. అరిగిన షాకులు ఉన్నంతకాలం ఎన్ని బేరింగులు మార్చినా ఆ మోత పోదు. ఆ టైర్లు కూడా మార్చాల్సి వచ్చింది.

విప్పడానికే ఒకటిన్నర రోజు పట్టింది. ఈ బండికి ముందు స్ట్రట్ (షాకూ స్ప్రింగూ కలిసి ఉండే కాలు) పైబోల్టులు వైపర్ల కింద ప్లాస్టిక్ కవరు లోపల ఉంటాయి, వైపర్లతో సహా ఊడదీయాలి. పాతవాటి ఎత్తు సర్దే రింగులు తుప్పుపట్టి మర మీద కదల్లేదు. రెండు పూటలు స్ప్రే కొట్టి, వేడి చేసి, ఆఖరికి ఆశ వదిలేశాం. ఎడమ ముందుది చేతిలోకి తీసుకుంటే నాకే సిగ్గేసింది. డస్ట్ బూటు (రాడ్డుకి దుమ్ము తగలకుండా ఉండే తొడుగు) చిరిగిపోయి, కారిన ఆయిలూ గ్రానైటు పొడీ కలిసి రాడ్డు చుట్టూ బూడిదరంగు ముద్ద కట్టింది. ఆ ముద్ద సాన పెట్టినట్టు క్రోమ్ మీద గీతలు పెట్టింది, ఆ గీతలు సీలు అంచుని కోశాయి, ఆయిలు బయటికి, దుమ్ము లోపలికి. బాబాయ్ రాడ్డుని చేత్తో లోపలికి నొక్కాడు. లోపల గ్యాసు ఉంటే మెల్లగానైనా దానంతటదే పైకి రావాలి. అది నొక్కిన చోటే ఉండిపోయింది.

"అబ్బాయ్, ఇది షాకబ్జరా, సైకిల్ పంపా?" అన్నాడు.

స్ప్రింగులు మాత్రం బాగానే ఉన్నాయి. చాలామంది అయోమయపడేది ఇక్కడే. బరువు మోసేది స్ప్రింగు. అది ఊగడం మొదలుపెడితే ఆ ఊపుని ఆయిలు సన్నటి కంతల గుండా తోసి, వేడిగా మార్చి చల్లార్చేది షాకబ్జరు. పోయింది ఆ రెండోది. కారు ఎత్తు తగ్గలేదు కాబట్టి నాకు అనుమానం రాలేదు.

కొత్త కిట్ కస్టమ్స్‌తో కలిపి రెండు లక్షల ముప్పై వేలు దాటింది. ఇంట్లో నిజం చెప్పడానికి వారం పట్టింది. ఆర్డరు పెట్టేముందు ముందు స్ట్రట్ మందం కొలిచి చూసుకోండి. ఈ కార్ల కుటుంబంలో 50 మిల్లీమీటర్లదీ ఉంది, 55దీ ఉంది, తప్పుది తెప్పిస్తే చక్రం దగ్గర దాన్ని బిగించే నకిల్‌లో కూర్చోదు. పై మౌంట్లు, బేరింగులు, ఒక్కసారి బిగించి పారేసే రకం బోల్టులు కూడా కలిపే తెప్పించుకోవాలి. వెనక వైపు స్ప్రింగు వేరు, షాకు వేరు. పేరుకి కాయిలోవర్లే గానీ వెనక ఆ రెండూ ఒకదాని మీద ఒకటి ఉండవు. ఇంకో సంగతి: ఆర్మ్‌ల (చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీల) కీళ్ళలోని రబ్బరు బుష్‌ల బోల్టులు చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగించకూడదు. బాబాయ్ ఆర్మ్ కింద జాకీ పెట్టి, కారు బరువు దాని మీద పడేదాకా లేపి అప్పుడు బిగించాడు. లేకపోతే బుష్ ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది.

ఎత్తు మాత్రం కిట్‌లో కుదిరే అన్నిటికంటే పైన పెట్టించాను. ఒంగోలు స్పీడ్ బ్రేకర్లతో పోటీ నాకెందుకు? 500 కిలోమీటర్లు తిరిగాక కొలిస్తే కుడి, ఎడమల మధ్య ఆరు మిల్లీమీటర్లు తేడా వచ్చింది. సరిచేసి అప్పుడు అలైన్‌మెంట్ చేయించాం.

ఇక నా తెలివితక్కువ పని. వేరియంట్ 2లో స్ప్రింగు తిరిగి సాగే వేగాన్ని, అంటే రీబౌండ్‌ని, 16 క్లిక్కుల్లో మార్చుకోవచ్చు. డబ్బు పెట్టాను గదా అని మొదటి వారమే బాగా బిగించాను. హైవే మీద అద్భుతం, పట్టాల మీద పోయినట్టుంది. సోమవారం చీమకుర్తి రోడ్డెక్కాను. మొదటి అల బాగానే దాటింది, రెండోది కొంచెం గట్టిగా, అయిదోది వచ్చేసరికి వెన్నులో గుద్దినట్టు ధబ్బుమని. షాకులు పాడైపోయాయని టెన్షన్‌తో వెనక్కి తిప్పుకుని నేరుగా షెడ్డుకి పోయాను. బాబాయ్ నవ్వి, "ఎగరకుండా కట్టేశావు, కిందికి దిగిపోక ఏం చేస్తది?" అన్నాడు. చక్రం అల మీద పైకి నొక్కుకుని, మళ్ళీ కిందికి సాగేలోపే తర్వాతి అల వచ్చి పడుతోంది. అలా ఒక్కో అలకి కారు కొంచెం కొంచెం కూరుకుపోయి ఆఖరికి బంప్ స్టాపుల (షాకు పూర్తిగా కుంగినప్పుడు ఆపే రబ్బరు దిమ్మల) మీద కూర్చుంటోంది. మధ్యకంటే రెండు క్లిక్కులు వదులు చేశాం. ఆ గుద్దుడు అప్పటికప్పుడే పోయింది. మూడున్నరేళ్ళుగా ఆ మరని మళ్ళీ ముట్టుకోలేదు, ఒక్క రోజు తప్ప. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి స్నేహితులతో పోయినప్పుడు కొద్దిగా బిగించాను. తేడా తెలిసింది. దానికోసం దాదాపు మూడు వందల కిలోమీటర్లు పోయి వచ్చాను.

అందుకే ఇవాళ కొనాల్సి వస్తే ఇదే కంపెనీ వేరియంట్ 1 తీసుకుంటాను. అందులో ఎత్తు ఒక్కటే మార్చుకోవచ్చు, రీబౌండ్ కంపెనీ పెట్టినట్టే ఉంటుంది. నా డబ్బుకి విలువ తెచ్చింది క్లిక్కులు కాదు, స్టెయిన్‌లెస్ స్టీల్ బాడీ. అది వేరియంట్ 1కీ ఉంది. ఇన్ని ఆదివారాలు కొత్తపట్నం గాలి తగిలాక కూడా మొన్న రింగులు స్పానర్ పెట్టగానే తిరిగాయి. పాతవాటితో పడ్డ అవస్థ తల్చుకుంటే ఆ ఒక్క క్షణానికే సగం డబ్బు తిరిగొచ్చినట్టనిపించింది.

మెత్తదనం ఆశించేవాళ్ళకి ఇవి వద్దు. ఊళ్ళో ముప్పై, నలభై మీద పోతుంటే చిన్న చిన్న గతుకులన్నీ తెలుస్తాయి. ఎనభై దాటితే సుఖం. వంతెన జాయింటు మీద ఒక్కసారి కదిలి అక్కడితో ఊరుకుంటుంది. పిల్లాడు ఇప్పుడు వెనక సీట్లో నిద్రపోతున్నాడు, వాంతుల గొడవ లేదు.

వాటర్ సర్వీసింగ్‌కి ఇస్తే మాత్రం పక్కనే నిలబడతాను. మన దగ్గర కడిగాక అడుగున ఆయిలు కొట్టడం ఒక మర్యాద. అది రబ్బరుని ఉబ్బిస్తుంది, దుమ్ముని అంటించుకుంటుంది. వద్దంటే కుర్రాళ్ళు నన్ను పిసినారిలా చూస్తారు. నెలకోసారి నేనే మామూలు నీళ్ళూ పాత పెయింటు బ్రష్షూ పెట్టి మరల మీద దుమ్ము దులుపుతాను, డస్ట్ బూట్లు చిరిగాయేమో చూస్తాను. ఇంతవరకు రాడ్ల మీద తడి లేదు.

ఈ మధ్యే బండి ఆపి స్టీరింగు పూర్తిగా తిప్పితే కుడి ముందు నుంచి టింగుమని స్ప్రింగు చప్పుడు వస్తోంది. పై మౌంటు బేరింగు దుమ్ము పట్టి ఉంటుందన్నాడు బాబాయ్. రెండు వైపులకీ కలిపి ఆర్డరు పెట్టాను. అవి వచ్చేదాకా, నేను షెడ్డు ముందు నుంచి పోయినప్పుడల్లా ఆపించి, స్టీరింగు ఒకసారి తిప్పమని, ఫెండరు దగ్గర చెవి పెట్టి వింటున్నాడు.