బాలిలో పదిహేను నోట్లు, ఒక నీరటోడు

బాలిల కూటా అనే ఊరి సందుల్లో డాలర్లు మార్చకండి. మిగతాది మెల్లగ చెప్త, ముందుగాల ఈ మాట ఇనండి.

పోయింది నలుగురం. నేను, నా భార్య, నాయిన, అమ్మ. మహబూబ్‌నగర్ నుంచి రాత్రి కారుల శంషాబాద్, కౌలాలంపూర్‌ల ఇమానం మారి బాలి. టికెట్ మనిషికి 31,400 రూపాయలు. దిగినంక వీసాకు 5 లక్షల రుపియా (ఇండోనేసియా పైసలు), 2024 ఫిబ్రవరి నుంచి పెట్టిన టూరిస్టు పన్ను ఇంకో లక్షా యాభై వేలు. మన పైసలల్ల రెండూ కలిసి మూడున్నర వేలకు దగ్గర. లైను జల్దిగనే కదిలింది.

తెల్లారి కూటాల నా కండ్లు ఒక బోర్డు మీద పడ్డయి. అన్ని చోట్ల డాలరుకు 15,900 ఉంటే అక్కడ 16,200. మూడు వందల డాలర్లకు లెక్క కడితే మన ఐదు వందల రూపాయలు కూడ మిగలయి. దానికే కక్కుర్తి పడ్డ. బట్టల దుకాణం మూలకు చిన్న బల్ల, ఎనక ఒక పిలగాడు. క్యాలిక్యులేటర్ మీద 48,60,000 కొట్టి చూపిచ్చిండు. యాభై వేల నోట్లు పదేసి కుప్పలు పెట్టిండు. నేనే చేతుల పట్టుకొని ఎంచిన. తొంభై ఏడు నోట్లు, మీద ఒక పది వేల నోటు. సరిగ్గ ఉంది. అప్పుడు "ఒక్క నిమిషం" అన్నట్టు సైగ జేసి కట్ట ఎనకకు తీసుకున్నడు. అంచులు సాపు చేసెతందుకు బల్ల మీద టకటక తట్టిండు, మడిచి నా చేతుల పెట్టిండు. నవ్విండు గూడ. హోటల్‌కు వచ్చినంక నా భార్య ఎంచితే ఎనభై రెండే ఉన్నయి. తట్టుడుల పదిహేను నోట్లు బల్ల ఎనకకు జారినయి. ఏడున్నర లక్షల రుపియా, మనయి నాలుగు వేలు.

ఉరికిన. అదే బల్ల, ఇంకో మనిషి. నన్ను జన్మల చూడనట్టు చూసిండు. నేను సోషల్ టీచర్ని. "ఈసారి మీ బడి నుంచి లెక్కల సారును తోలుకొద్దాం" అని నా భార్య ఒక్క మాట అని, రాత్రి దాకా ఇంకోటి మాట్లాడలే. ఏటీఎంల తీసుకోండి, లేకుంటే బ్యాంక్ ఇండోనేసియా (వాళ్ల రిజర్వ్ బ్యాంకు) లైసెన్సు ఉన్న కౌంటర్‌కు పోండి. ఆఖరి లెక్క మీ చేతులనే కావాలె. అటెనక ఆ కట్టను వాళ్లను ముట్టనియ్యొద్దు.

ఆ గమ్మునే సాయంత్రం ఉలువాటు గుడికి పోయినం. సముద్రం మీదికి వంగినట్టున్న గుట్ట, కెచాక్ అనే రామాయణం ఆట, టికెట్ లక్షా యాభై వేల రుపియా. ఆట మంచిగనే ఉంది. గాని నాయిన కండ్లద్దాలు కోతి గుంజుకపోయింది. ఎక్కడి నుంచో ఒకాయన వచ్చి కోతికి తినెటిదేదో ఇచ్చి అద్దాలు తెచ్చిచ్చి యాభై వేలు అడిగిండు. కోతి, ఆయన పొత్తుల వ్యాపారం చేస్తున్నరని నాయిన తీర్పు. మన శ్రీశైలం కోతులే నయమట.

ఉబుద్‌ల ఒక ఇంటోళ్ల హోంస్టే, రెండు గదులకు రోజుకు 3,600 రూపాయలు. ఏ ఫికరు లేదు. పొద్దున్నే ఆ ఇంటామె ఆకుదొన్నెల పూలు పెట్టి గడప ముందర పెడ్తుంటే అమ్మ పోయి పక్కన నిలబడేది.

బాతూర్ అగ్నిపర్వతం ఎక్కింది మేమిద్దరమే. రాత్రి రెండింటికి లేపిన్రు, మనిషికి ఆరు లక్షల రుపియా. ఎత్తు 1,717 మీటర్లు, కాలు పెడితే బొగ్గుల లెక్క జారే నల్లరాళ్లు. పైన ఆవిరి వచ్చే పగుళ్లల్ల గైడు కోడిగుడ్లు ఉడకబెట్టి ఇచ్చిండు. సూర్యోదయం మాత్రం పొగమంచుల పోయింది. మోకాళ్లు నొచ్చెటోళ్లు ఎక్కకుండ్రి. కింతామణి ఊరి గుట్ట అంచు మీద కూసుంటే కొండ, చెరువు రెండూ కనవడ్తయి. ఆ అంచు మీదున్న గుడి ఒకప్పుడు కింద చెరువు కాడ ఉండేదట, 1926ల లావా వచ్చినంక పైకి తెచ్చుకున్నరు.

జతిలువీ చూడకుంటే ఈ ఖర్చంత దండుగ అయ్యేది. అందరు పోయే తెగల్లలాంగ్ వరి మడులల్ల ఉయ్యాలకు పైసలు, ఫొటోకు పైసలు. జతిలువీల మెట్లు మెట్లుగ వరి మడులు తప్ప ఇంకేం లేదు. నాయిన చెప్పులిడిచి గట్టు మీదికి దిగిండు. కాలువ రెండుగ చీలే కాడ అడ్డంగ ఒక మొద్దు, దానికి రెండు గాట్లు. నీళ్లల్ల చెయ్యి పెట్టి వేళ్లతో కొలిచిండు. "ఇది నాలుగు వేళ్లు, అది రెండు వేళ్లు. అటు పొలం ఎక్కువున్నట్టుందిరా."

మా కారు డ్రైవరు ఆశ్చర్యపోయిండు. నిజమే, నేలను బట్టి గాటు. దీన్ని సుబక్ అంటరు, వెయ్యేండ్ల నాటి పద్ధతి, 2012ల యునెస్కో జాబితాకెక్కింది. రైతులంత కలిసి పెకాసే అనే పెద్దను పెట్టుకుంటరు. నీళ్ల వంతులు, నాటు దినాలు ఆయన కాడ తేలుతయి. అందరు ఒక్కసారే కోసి ఒక్కసారే ఎండబెడితే పురుగుకు తిండి దొరకది.

"అంటే నీరటోడు" అన్నడు నాయిన. "మా ఊళ్లె చెరువు నిండినన్నాళ్లు గాయన చెప్పిందే వేదం."

మన్ను చేతులకు తీసుకొని నలిపిండు. ఊరుకోలేక నేను పాఠం మొదలుపెట్టిన: ఇది అగ్నిపర్వతం బూడిద, మన తాండూరు దిక్కు నల్లరేగడి గూడ ఆరున్నర కోట్ల ఏండ్ల కింది లావా మురిగిన మన్నే అని.

"మరి మన చెల్కలకు ఎవడు పోసిండు బూడిద?" అన్నడు.

అన్నానికి అక్కడే పాకల కూసున్నం. ఎర్రబియ్యం, టెంపే (సోయా గింజలు పులియబెట్టి చేసెటిది), సంబల్ కారం. డ్రైవరుతోని ఐదుగురికి 3,20,000 రుపియా. శనివారమని అమ్మ అడిగితే సంబల్‌ల ఎండురొయ్యల ముద్ద ఏస్తరని తేలింది. పళ్లెం పక్కకు జరిపి సంచిల నుంచి చింతకాయ తొక్కు తీసింది. డ్రైవరు గింత నోట్లె పెట్టుకున్నడు, కండ్లెంబడి నీళ్లు కారినయి, మళ్ల చెయ్యి చాపిండు. మూత పెట్టి సీసనే ఇచ్చేసింది. ఆ కారుకు పొద్దంత ఏడు లక్షల రుపియా, ఒక్క రుపియా ఎక్కువ అడగలే.

ఆరు రాత్రులకు నలుగురికి మొత్తం 2,38,000 రూపాయలు అయింది. డైరీల అన్ని పద్దులు రాసిన. ఆ నాలుగు వేల పద్దు మాత్రం నా భార్య రాసింది, నా పేరు మీద.