వీ హోమ్‌బ్రూ ఛానల్ రివ్యూ: ఫ్రీ గేమ్‌ల కోసం వచ్చినవాళ్ళకి నచ్చదు

పాత నింటెండో వీ గేమ్ కన్సోల్ ఇంట్లో ఉంటే ముందు వేసుకోవాల్సింది హోమ్‌బ్రూ ఛానలే అని నా అభిప్రాయం. హోమ్‌బ్రూ అంటే కంపెనీ అనుమతి లేకుండా బయటివాళ్ళు సొంతంగా రాసిన సాఫ్ట్‌వేర్, దాన్ని వీలో నడిపే ఛానల్ ఇది. 2008లో టీమ్ ట్వీజర్స్ అనే హ్యాకర్ల బృందం వదిలింది, ఇప్పటికీ పనిచేస్తుంది. సిస్టమ్ సాఫ్ట్‌వేర్ 4.3 వెర్షన్‌లో ఉన్న కన్సోల్‌కి లెటర్‌బాంబ్ అనే హ్యాక్ చాలు, ఎస్‌డీ కార్డులో ఫైల్స్ పెడితే మెసేజ్ బోర్డులో బాంబు బొమ్మతో ఒక కవరు కనిపిస్తుంది, దాన్ని నొక్కితే ఇన్‌స్టాలర్ వచ్చేస్తుంది.

ఇన్‌స్టాలర్‌లో నాకు బాగా నచ్చింది మొదటి స్క్రీనే. దీనికి మీరు డబ్బులు కట్టి ఉంటే మోసపోయారు, వెళ్ళి వెనక్కి అడగండి అని రాసుంటుంది, పైగా కాసేపు బటన్ నొక్కినా కదలదు, చదివి తీరాల్సిందే. ఆన్‌లైన్‌లో ఈ ఫ్రీ సాఫ్ట్‌వేర్‌నే ప్యాకేజీ అని అమ్ముకునే బ్యాచ్ ఒకటి ఉండేది కదా, అది వాళ్ళకి చెంపదెబ్బ.

వాడటం చాలా సింపుల్. బుడగలు తేలే స్క్రీను, యాప్స్ ఫోల్డర్‌లో ఏం పడేస్తే అది వరసగా కనిపిస్తుంది, నెట్‌వర్క్ మీద పీసీ నుంచి నేరుగా పంపి రన్ చెయ్యొచ్చు కూడా, సొంతంగా కోడ్ రాసేవాళ్ళకి ఇది పెద్ద సుఖం. ఎమ్యులేటర్లు (వేరే పాత కన్సోళ్ళ గేమ్‌లు ఆడించేవి), మీడియా ప్లేయర్లు, సేవ్ ఫైల్ టూల్స్ అన్నీ నడుస్తాయి. కాపీ గేమ్‌లు నడిపే పని మాత్రం ఇది చెయ్యదు, తయారుచేసినవాళ్ళు కావాలనే దాన్ని దూరం పెట్టారు.

కానీ నిజం మాట్లాడుకుందాం. దారి తెరిచాక ఎవరు నడుస్తారో మన చేతిలో ఉండదు. సాఫ్ట్‌వేర్ నింటెండోదేనని చెప్పే డిజిటల్ సంతకాన్ని పాత వీ చెక్ చేసే కోడ్‌లో హాష్‌ని (ఫైల్ నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్యని) టెక్స్ట్ పోల్చినట్టు పోల్చారు, సున్నా బైట్ తగలగానే పోలిక ఆగిపోయేది, అంటే హాష్ మొదటి బైట్ సున్నా వచ్చేలా ఫైల్‌ని సర్దితే దొంగ సంతకం కూడా పాస్ అయ్యేది! ఈ లొసుగు హోమ్‌బ్రూకి ఎంత ఉపయోగపడిందో దొంగ ఛానళ్ళు ఇన్‌స్టాల్ చేసుకునేవాళ్ళకి అంతకంటే ఎక్కువ ఉపయోగపడింది. ఈరోజు చాలామంది ఈ ఛానల్ వేసుకునేదే యూఎస్‌బీ డ్రైవ్‌లోని గేమ్ కాపీలు నడిపే యూఎస్‌బీ లోడర్ జీఎక్స్ కోసం, ఒప్పుకుందాం. సొంత డిస్కు గీతలు పడకముందే క్లీన్‌రిప్ అనే యాప్‌తో కాపీ తీసుకుని ఆడేవాళ్ళూ ఉన్నారు, 2019 జనవరిలో నింటెండో ఆన్‌లైన్ స్టోర్ వీ షాప్ మూసేశాక అక్కడ మాత్రమే దొరికిన గేమ్‌లు కొందామన్నా దారి లేక డౌన్‌లోడ్ చేసుకునేవాళ్ళూ ఉన్నారు, కొనగలిగే గేమ్‌ని కూడా ఊరికే లాగేసేవాళ్ళూ ఉన్నారు. మొదటివాళ్ళ మీద నాకు ఏ కంప్లైంటూ లేదు, రెండోవాళ్ళని తిట్టబుద్ధి కాదు, మూడోవాళ్ళు వచ్చి హెల్ప్ అడిగితే మాత్రం గైడ్ రాసేవాళ్ళు మొహం మీదే తలుపేస్తారు, వెయ్యాలి కూడా.

నింటెండో తర్వాతి కన్సోల్ స్విచ్‌లో కూడా ఇదే కథ. దానికి బయటివాళ్ళు చేసిన సిస్టమ్ సాఫ్ట్‌వేర్ అట్మాస్ఫియర్ ఫ్రీ, ఓపెన్ సోర్స్, పైరసీకి కావాల్సిన ప్యాచ్‌లు అందులో ఉండవు. అలాంటిదే అయిన ఎస్ఎక్స్ ఓఎస్‌ని ఏమో డబ్బులకి అమ్మారు, పైరసీనే దాని అమ్మకపు పాయింటు, చివరికి దాన్ని అమ్మిన టీమ్‌లో ఒకతనికి 2022లో అమెరికా కోర్టు 40 నెలలు జైలు వేసింది. ఆ శిక్ష మరీ ఎక్కువని నాకూ అనిపిస్తుంది, అది వేరే గొడవ. కానీ డబ్బు మధ్యలోకి వస్తే హోమ్‌బ్రూ మొత్తానికి మసి అంటుతుంది.

ఇంకో ట్విస్ట్ ఉంది. 2025 ఏప్రిల్‌లో ఈ ఛానల్ కోడ్ ప్రాజెక్టునే మూసి ఆర్కైవ్‌లో పెట్టేశారు. ఈ ఛానల్‌కి పునాది అయిన లిబ్‌ఓజీసీ అనే కోడ్ లైబ్రరీలో నింటెండో కోడ్‌తో పాటు ఆర్‌టెమ్స్ అనే ఓపెన్ సోర్స్ సిస్టమ్ నుంచి కూడా పేరు చెప్పకుండా ఎత్తేశారని ఆరోపణ. గేమ్‌లు దొంగిలించొద్దని పదిహేనేళ్ళు క్లాస్ పీకిన కమ్యూనిటీ పునాదిలోనే ఈ మాట రావడం, నాకైతే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయినా పైరసీ వద్దనే వాదన దీంతో అబద్ధమైపోదు, ఇంకొకరి కోడ్ వాడితే పేరు చెప్పాలన్న రూలే ఇక్కడా తప్పారంటున్నారు, అంతే.

రేటింగ్ 5కి 4. ఇకమీదట అప్‌డేట్లు వస్తాయన్న ఆశ లేదు కాబట్టి ఒకటి కట్. వేసుకునేవాళ్ళు అదే ఇన్‌స్టాలర్‌తో వచ్చే బూట్‌మీ అనే బ్యాకప్ టూల్ కూడా వేసి, ఇంకేం ముట్టుకోకముందే కన్సోల్ మెమరీ మొత్తం ఎస్‌డీ కార్డులోకి బ్యాకప్ తీసుకోండి, 500 ఎంబీ పైనే ఉంటుంది, ఖాళీ చూసుకోండి.